గుట్ట వైపు కిటికీ

ఆ చెట్లకు లారీ ఎక్కడం కొత్త కాదు. మనుషుల్లో కొందరు పుట్టిన పేట దాటకుండానే బతుకు వెళ్ళదీస్తారు గానీ, మేస్త్రి చేతికింది చెట్లు మాత్రం నగరంలో చూడని చోటు లేదు. బ్యాంకు ముందు నిలబడ్డాయి, ఆసుపత్రి ముందు నిలబడ్డాయి, పెద్ద బట్టల దుకాణం వెనక కార్లు ఆపేచోట నిలబడ్డాయి. ఎక్కడ నిలబడినా నాలుగు రోజుల ముచ్చటే. తనిఖీ అధికారి వచ్చి, చూసి, ఫోటోలు తీసుకుని, తలాడించి వెళ్ళగానే మళ్ళీ లారీ ఎక్కేవి.

నగరపాలక సంస్థ నిబంధన ఒకటుంది. కొత్తగా ఏ భవనం కట్టినా స్థలంలో కొంత భాగం పచ్చగా ఉండాలి. ప్రహరీ వెంబడి మనిషెత్తు చెట్లుండాలి. గుట్టను కోసి కట్టినచోట ఆ కోత మీద వేళ్ళు లోతుకు పోయే చెట్లు నాటాలి. అవన్నీ ఉన్నాయని అధికారి రాసిస్తే తప్ప లోపల మనుషులు చేరడానికి వీల్లేదు. ఆ నిబంధన రాసినాయన ఎవరో గానీ బుద్ధిమంతుడే. ఎక్కడో మట్టి జారి ఇంటిమీద పడడం కళ్ళారా చూసి ఉంటాడు. అయితే రాసినాయన రాసి ఊరుకున్నాడు, కట్టేవాళ్ళు కట్టుకుంటూ పోయారు, ఆ ఇద్దరి మధ్య సందులో మేస్త్రి లాంటివాళ్ళకు పని దొరికింది.

పని తీరు ఇదీ. నల్ల ప్లాస్టిక్ సంచిలో ఉన్న చెట్టును సంచితోనే గోతిలో దించాలి. సంచి అంచు కనపడకుండా పైన జానెడు మట్టి కప్పి, కాలితో తొక్కి, తడిపి, చాపలా చుట్టి తెచ్చిన గడ్డిని చుట్టూ పరచాలి. అధికారి వెళ్ళాక గడ్డిని మళ్ళీ చుట్టేసి, సంచి అంచులు పట్టుకుని లేపితే చెట్టు పసిపిల్లలా చేతుల్లోకి వచ్చేస్తుంది. సంచి చిరిగిందనుకోండి, కొంచెం పెద్ద సంచి తెచ్చి దానిమీదే తొడిగి, మధ్య సందులో మట్టి కూరతారు. వాళ్ళ భాషలో దానికి రెండో చొక్కా అని పేరు. పాతది విప్పాలంటే మట్టి రాలుతుంది, చెట్టు వాడుతుంది, కాంట్రాక్టరు చేత చీవాట్లు తినాలి. ఎందుకొచ్చిన గొడవ? అందుకే ఆ చెట్లకు తొడగడమే గానీ విప్పడం ఎరగరు.

ఇంతకాలం ఈ పని చేసినా, సరిగ్గా చెప్పాలంటే, మేస్త్రి తన చేత్తో నాటిన చెట్టు ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ సంగతి అతనికి ఎప్పుడూ తట్టలేదు.

ఈసారి లారీ ఆగింది ఊరి అంచున గుట్టను కోసి లేపిన నాలుగంతస్తుల భవనం దగ్గర. ముందువైపు అద్దాలు, రంగులు, నున్నటి రాళ్ళు. వెనకవైపు ఉత్త సిమెంటు గోడ, దానికి ఎదురుగా ఏటవాలుగా ఎర్రమట్టి, పచ్చి పుండులా. గోడకూ మట్టికీ మధ్య ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవగలిగేంత సందు. గోడ మీద మోకాలెత్తున ఒక చార ఉంది. నిరుడు వానకు కిందికొచ్చిన మట్టిని పారలతో ఎత్తిపోసి, మీద రంగు కొట్టారు గానీ, చార మళ్ళీ పైకి తేలింది.

ఆ చారకు పైనున్న కిటికీల్లో చివరిది మేస్త్రి అక్కది.

భవనం లేవకముందు ఆ స్థలంలో వరస ఇళ్ళుండేవి. అందులో ఒకటి అక్క ఇల్లు. కూల్చేటప్పుడు, కట్టాక ఒక గది ఇస్తామని బిల్డరు మాటిచ్చాడు. పాపం, మాట తప్పలేదు. ఇచ్చాడు, కాకపోతే గుట్ట వైపు ఇచ్చాడు. గది పూర్తయ్యేదాకా అక్క తన కుట్టుమిషనుతో సహా తమ్ముడి ఒంటిగదిలో తలదాచుకుంటోంది.

"పెద్దమనుషుల్ని గేటు దగ్గర దించమన్నాడు గొడుగాయన," అన్నాడు గునపం, లారీ మీంచి వంగి.

గునపం అంటే గోతులు తవ్వేవాడు. వాడి చేతిలో గునపం ఎంత సేపుంటుందో నోట్లో వేళాకోళం కూడా అంత సేపుంటుంది. చెట్లకు పేర్లు పెట్టింది వాడే. గేటు పక్కన ఎప్పుడూ నిలబెట్టే నిండు చెట్టు పెళ్ళికూతురు. ఒక వైపు కొమ్మల్లేక గోడకు ఒదిగి నిలబడేది సిగ్గులమ్మ. అన్నిటికన్నా పాతవి, పొడుగువి ఐదున్నాయి, అవి పెద్దమనుషులు. ఎక్కడికి తీసుకెళ్ళినా ఊరికే నిలబడతారు తప్ప ఏ పనీ చేయరు కనుక ఆ పేరు తగిందని వాడి వాదన.

"వాళ్ళు వెనక్కి," అన్నాడు మేస్త్రి.

"వెనక ఎవడు చూస్తాడు మేస్త్రీ? కుంటివీ గుడ్డివీ కదా మనం వెనక పెట్టేది."

"ఈసారి అధికారి వెనకే చూస్తాడు. గుట్ట కోసిన చోటు."

చెప్పింది అబద్ధం కాదు. కానీ మేస్త్రి మనసులో ఉన్నది అధికారి కాదు. అక్క కిటికీకి ఎదురుగా ఉన్న మట్టిలో, ఉన్నవాటిలో మంచివి, బలమైనవి పెట్టాలని లారీ ఎక్కకముందే అనుకున్నాడు.

గొడుగాయన, అంటే కాంట్రాక్టరు, ఎండ ఉన్నా లేకపోయినా గొడుగు కిందే తిరుగుతాడు. సందు మొదట్లో నిలబడి, చెప్పులకు మట్టి అంటకుండా ఒక ఇటుక మీద ఎక్కి, అక్కడినుంచే కేకేశాడు.

"మేస్త్రీ! సంచులు భద్రం. శనివారం తనిఖీ, సోమవారం పొద్దున్నే ఎత్తెయ్యాలి. అవతల సినిమా హాలు వాళ్ళు నా ప్రాణం తోడేస్తున్నారు."

"వెనకవి కూడానా సార్?"

"వెనకవేమన్నా వేరే లెక్కా? అన్నీ ఎత్తాలి."

"వాన వస్తే మట్టి..."

"వానను నువ్వు కొన్నావా, నేను కొన్నానా? మన పని చెట్లు. మట్టి సంగతి బిల్డరు చూసుకుంటాడు." గొడుగు అటు తిరిగి వెళ్ళిపోయింది.

*

మేస్త్రి గదిలో మిషను తలుపు పక్కనే ఉంటుంది. అక్క కుడుతున్నంతసేపూ లోపలికి ఎవరు రావాలన్నా ఆమె మోకాళ్ళు ముడుచుకోవాలి. "వదినా, కాస్త జరుగు" అనే మాట మేస్త్రి భార్య రోజుకు ఎన్నిసార్లు అంటుందో చెప్పలేం. మొదట్లో ఆ మాట మెత్తగానే ఉండేది. ఇప్పుడు "వదినా" తగ్గి, "జరుగు" మిగిలింది. భార్య గయ్యాళి అని కాదు. ఒంటిగదిలో ముగ్గురు, ఒక మిషను, ఊరందరి బట్టల మూటలు ఉంటే ఎవరికైనా నోరు పదునెక్కుతుంది.

ఆ సాయంత్రం మేస్త్రి కంచం ముందు కూర్చోగానే అక్క రోజూ అడిగే ప్రశ్నే అడిగింది.

"ఇవాళ మీ చెట్లు ఎక్కడ దిగాయిరా?"

చెట్ల ప్రయాణాలు ఆ గదిలో ఉన్న ఒకే ఒక్క వినోదం. బ్యాంకు మేనేజరు ప్లాస్టిక్ సంచి మీద నిలబడి పచ్చదనం గురించి ప్రసంగించిన కథ అక్క ఇప్పటికీ మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని నవ్వుతుంది.

"నీ ఇంట్లోనే దిగాయక్కా."

"అయితే వదినకన్నా ముందు చెట్లు చేరిపోయాయన్నమాట," అంది భార్య నవ్వుతూ.

అక్క నవ్వలేదు. మిషను తొక్కే కాలు ఆగిపోయింది.

"మా దగ్గర కూడా సంచులతోనేనా?"

మేస్త్రి కంచంలోకి చూశాడు.

"నిరుడు వాన పడ్డప్పుడు గది ఎంతదాకా వచ్చిందో చూద్దామని వెళ్ళాను," అంది అక్క. "నేను నిలబడి ఉండగానే వచ్చిందిరా ఆ మట్టి. చప్పుడే లేదు. పిల్లి వచ్చినట్టు వచ్చింది. చూస్తుండగానే చెప్పులు కప్పేసింది. వెనక చెట్లు పెడతారమ్మా, అది రూలు, భయపడకు అన్నాడు అక్కడి ఇంజనీరు. మా తమ్ముడే పెడతాడు అని నేను గొప్పగా చెప్పుకున్నాను కూడా."

భార్య గిన్నె మీద మూత పెట్టింది.

"నీ కిటికీ వెనక మాత్రం నిజంగా నాటతానక్కా," అన్నాడు మేస్త్రి.

"మీ గొడుగాయన ఒప్పుకుంటాడా?"

"ఆయన సంగతి నాకొదిలెయ్."

అక్క తమ్ముడి ముఖంలోకి చూసింది, చిన్నప్పుడు చేతులు కడుక్కున్నావా అని అడిగి అరచేతులు తిప్పి చూసినట్టు. తర్వాత దారం కొరికి, మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆమెకు అనుమానం పోయిందని మేస్త్రికి అర్థమైంది. అది అతనికి సంతోషం, భయం రెండూ కలిగించింది.

*

మరుసటిరోజు మధ్యాహ్నం కూలీలందరూ ముందువైపు నీళ్ళ ట్యాంకరు నీడన భోజనాలకు కూర్చున్నప్పుడు, మేస్త్రి కొమ్మలు కత్తిరించే కత్తి నడుముకు దోపుకుని వెనక సందులోకి వెళ్ళాడు. ఐదుగురు పెద్దమనుషులూ అప్పటికే గోతుల్లో నిలబడి ఉన్నారు. ఇంకా మట్టి కప్పలేదు.

ఏటవాలు మీద కాలు నిలవడం కష్టం. మోకాలు మట్టిలో గుచ్చి, మొదటి చెట్టు సంచిని అంచునుంచి అడుగుదాకా నిలువునా కోశాడు. కొత్త సంచి, బిగుతుగా ఉంది. కత్తి దిగగానే చిటపటమని విచ్చుకుంది. చెట్టును భుజానికి ఆనించి కొంచెం లేపి, సంచిని కిందనుంచి లాగేశాడు. తడి మట్టి బొలబొలా రాలి గోతి నిండా పరుచుకుంది. చేత్తో తడిమి చూశాడు. చల్లగా ఉంది. సంచిలోంచి మట్టి అలా స్వేచ్ఛగా బయటికి రావడం అతను ఎన్నడూ చూడలేదు. చూడకూడనిది చూసినట్టు ఒకసారి వెనక్కి తిరిగి, ఎవరూ లేరని తేల్చుకుని, గోతిని పారతో నింపి గట్టిగా తొక్కాడు.

ఐదూ అలాగే చేశాడు. చొక్కా తడిసి ముద్దయింది. ప్రతి చప్పుడుకూ సందు మొదట్లో గొడుగు కనపడుతుందేమోనని తలెత్తి చూశాడు. కోసిన సంచుల్ని ఉండలు చుట్టి ఖాళీ సిమెంటు బస్తాలో కుక్కి, పనికిరాని ఇటుక ముక్కలు మోసుకుపోయే ట్రాక్టరులో అడుక్కంటా తోసేశాడు. ట్రాక్టరు గేటు దాటిపోయేదాకా అక్కడే నిలబడి చూశాడు.

తర్వాత నీళ్ళు పట్టాడు. పైప్ పట్టుకుని నిలబడ్డప్పుడు, చాలా ఏళ్ళకు, చేసిన పనిని తిరిగి చూసుకోవాలనిపించింది.

"ఏంటి మేస్త్రీ, తిండి కూడా మానేసి పెద్దమనుషులకు సేవలు చేస్తున్నావు?" అన్నాడు గునపం, నోరు తుడుచుకుంటూ వచ్చి.

"నీళ్ళు ఎక్కువ పట్టాలి వీటికి."

"పట్టు పట్టు. సినిమా హాల్లో మనకు మంచి సీట్లు ఇప్పిస్తారేమో."

శనివారం అధికారి వచ్చాడు. కుర్రవాడు, బూట్లు కొత్తవి. మెత్తగా మాట్లాడాడు, అందరికీ నమస్కారం పెట్టాడు. గేటు దగ్గర పెళ్ళికూతురి ఎత్తు కొలిచాడు, కాండం పట్టుకుని కొంచెం కదిపాడు. అలవాటు ప్రకారం మేస్త్రి పక్కనే నిలబడి కాలి బొటనవేలితో సంచి అంచును నొక్కిపట్టాడు. చెట్టు కదలలేదు.

"వేళ్ళు పట్టాయా?"

"పట్టాయి సార్," అన్నాడు మేస్త్రి. ఆ మాట అతని నోటికి ఊపిరి పీల్చినంత సులువు.

వెనకవైపుకు వచ్చేసరికి అధికారి గోడ మలుపు దగ్గరే ఆగిపోయాడు. సందులో నీళ్ళు నిలిచి బురదగా ఉంది. అక్కడినుంచే ఫోను ఎత్తి ఫోటోలు తీసుకున్నాడు.

"దగ్గరికొచ్చి చూడండి సార్," అన్నాడు మేస్త్రి. "ఒకసారి కదిపి చూడండి."

గొడుగు కింద కాంట్రాక్టరు కళ్ళు గుండ్రమయ్యాయి. అధికారిని చెట్టు కదపమని అడిగిన మేస్త్రిని ఆయన తన జన్మలో చూడలేదు.

"అక్కర్లేదులే," అన్నాడు అధికారి. "బాగున్నాయి. చూస్తేనే తెలుస్తోంది."

*

ఆదివారమే కొందరు చేరిపోయారు. సోమవారం పొద్దున్నకి మెట్ల మీద మంచాలు, గిన్నెలు, పరుపులు ఎక్కుతున్నాయి. ముందువైపు గడ్డి చాపలు చుట్టలు చుట్టడం చూసి ఒకావిడ "ఇదేంటయ్యా?" అని అడిగితే, "చీడ పట్టిందమ్మా, మార్చేస్తున్నాం" అన్నాడు గునపం తడుముకోకుండా. పెళ్ళికూతురు లారీ ఎక్కింది. సిగ్గులమ్మ ఎక్కింది. తర్వాత వాడు వెనక్కి వచ్చాడు.

మేస్త్రి సందులో అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఇవి వద్దు."

"వద్దంటే?"

"ఎత్తొద్దు. వెళ్ళు."

గునపం మేస్త్రి ముఖం చూశాడు, పైన అక్క కిటికీ చూశాడు, వేళాకోళం ఏదీ తోచక వెళ్ళి గొడుగాయన్ను తీసుకొచ్చాడు.

"ఏంటి సంగతి?" అన్నాడు కాంట్రాక్టరు, ఇటుక ఎక్కుతూ.

"ఈ ఐదూ ఉండనివ్వండి సార్. వానాకాలం దాటనివ్వండి. తర్వాత మీ ఇష్టం."

"ఉన్నవాటిలో ఎత్తైనవి ఇవేనయ్యా. ఇవి లేకుండా సినిమా హాలు ముందు ఏం పెట్టను, నిన్ను పెట్టనా?"

"మా అక్క ఉంటుంది సార్ ఇక్కడ."

"నీకు అక్క ఉంటే నాకు చెట్లు పోవాలా? ఒరేయ్, నువ్వెళ్ళి ఎత్తరా!"

గునపం కదల్లేదు. మేస్త్రి కూడా కదల్లేదు. సంచులు లేవని ఇప్పుడు చెబితే బతకనివ్వడని తెలుసు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"నేను ఎత్తనివ్వను సార్."

కాంట్రాక్టరు గొడుగు మూశాడు. మేస్త్రి ఆయన నడినెత్తిని మొదటిసారి చూశాడు, బట్టతల. పై కిటికీల్లోంచి కొత్తగా చేరినవాళ్ళు తొంగి చూస్తున్నారు. రభస చేస్తే నష్టం ఎవరికో ఆయనకు తెలియనిది కాదు. పైకి చూసి నవ్వి, గొంతు తగ్గించాడు.

"ఉంచుకో. నీకు రావలసిన కూలీ కింద జమ. రేపటినుంచి నా ఎదుట పడకు. నా దగ్గరే కాదు, ఈ పనిలో నిన్ను ఇంకెవడు పెట్టుకుంటాడో నేనూ చూస్తాను." తర్వాత గునపం వైపు తిరిగి, "మేస్త్రీ, లారీ తీయించు" అన్నాడు.

గునపం నేల చూపులు చూస్తూ వెళ్ళిపోయాడు.

ఇంటికెళ్ళి, గొడుగాయనతో మాటా మాటా పెరిగి పని పోయిందని మాత్రం భార్యకు చెప్పాడు. అక్క కిటికీ కోసం బతుకుతెరువు వదులుకున్నానంటే ఆ గదిలో ఇంకో మంట లేస్తుంది. ఇన్నాళ్ళూ మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న అక్క మొదటిసారి సొంత గడపలోకి వెళ్తుంటే, వెనకనుంచి ఆమెకు ఆ మాట వినిపించడం అతనికి ఇష్టం లేదు. అక్కతో అయితే, కాంట్రాక్టరుకు కొన్నాళ్ళు పనుల్లేవన్నాడు.

అక్క కొత్త గదిలో మిషను కిటికీ కింద పెట్టుకుంది. కిటికీ రెక్కలు బార్లా తెరిచింది.

"చేయి చాపితే ఆకు అందేలా ఉందిరా," అంది. చాపి చూపించింది. అందలేదు, కొంచెంలో తప్పింది. "వచ్చే ఏడాదికి అందుతుంది."

*

వాన ఆ ఏడు ఆలస్యం చేసింది. ఆకాశం రోజూ మూసుకునేది, రోజూ తెరుచుకునేది. మేస్త్రి ఇనుప సామాను దుకాణంలో మూటలు మోసే పనికి కుదిరాడు. భుజాలు ఒరుసుకుపోయి, సాయంత్రానికి చొక్కా చర్మానికి అంటుకుపోయేది. "ఇంత బతుకూ బతికి మూటలు మొయ్యడమేంటి? పోయి గొడుగాయన కాళ్ళమీద పడొచ్చుగా?" అనేది భార్య, అతని వీపుకు నూనె రాస్తూ.

పని అయ్యాక ఇంటికి పోయే దారి మానేసి అక్క దగ్గరికి వెళ్ళేవాడు. అక్క బట్టలుతికిన నీళ్ళు బకెట్లో పట్టి ఉంచేది. అతను సందులోకి దిగి ఒక్కో చెట్టు మొదట్లో పోసి, మడమతో మట్టి నొక్కేవాడు. చెట్లు పచ్చగానే ఉన్నాయి. ఒకటి కొత్త ఆకు కూడా వేసింది. అక్క దాన్ని చూపించి మురిసిపోయింది.

"పట్టేశాయక్కా," అన్నాడు మేస్త్రి. "ఇంక ఏనుగు వచ్చి లాగినా రావు." చెట్టు వేరు పట్టడం ఎలా ఉంటుందో జీవితంలో ఎన్నడూ చూడనివాడు ఎంత ధీమాగా చెప్పగలడో అంత ధీమాగా చెప్పాడు. ఇంతకుముందు అధికారులతో ఆ మాట వందసార్లు అని ఉంటాడు. ఇప్పుడు మొదటిసారి మనసారా నమ్మి అన్నాడు.

వాన వచ్చింది. రెండు రోజులు తెరిపి లేకుండా పడింది. మూడో రోజు తెల్లవారుతుండగా భార్య ఫోను మోగింది.

అక్క ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. కుడి చేయి మణికట్టునుంచి మోచేతిదాకా కట్టు. చీర అంచు నిండా ఎర్రమట్టి ఎండి అట్ట కట్టింది. తమ్ముణ్ణి చూసి లేవబోయింది.

"నిలబడే వచ్చాయిరా," అంది. ఏడవడం లేదు, జరిగింది ఇంకా ఆశ్చర్యంగానే ఉంది ఆమెకు. "పడిపోలేదు, ఒరగలేదు. అలా నిలబడి, ఐదూ మెల్లగా, చుట్టాలు నడిచొచ్చినట్టు వచ్చాయి. నేను కిటికీ మూద్దామని వెళ్ళాను. ముందున్నది తలుపులతో సహా లోపలికి వచ్చేసింది."

"చేయి?"

"విరిగింది. రెండు చోట్ల అన్నాడు డాక్టరు." కట్టు వైపు చూసుకుని, "కత్తెర పట్టుకోగలనా అని అడిగాను. చూద్దాం అన్నాడు" అంది.

మేస్త్రి ఆమె పక్కన కూర్చున్నాడు. లోపల ఒక్కటే మాట తిరుగుతోంది: నేను నిజంగానే నాటాను కదా, నిజంగానే నాటాను కదా.

*

వాన వెలిశాక అక్క గదికి వెళ్ళాలని పట్టుబట్టింది. బడి పిల్లల యూనిఫారాలు కుట్టినవి అందులో ఉన్నాయట. ఊరివాళ్ళకు ఏం సమాధానం చెప్పాలి? భార్య కూడా వచ్చింది, తట్ట పట్టుకుని.

గదిలో మట్టి మిషను చక్రాన్ని మింగేసింది. పైన సూది, దానికింద పాదం మాత్రం కనపడుతున్నాయి, సగం కుట్టిన నీలం గుడ్డ ఇంకా దాని నోట్లోనే ఉంది. కిటికీలోంచి చెట్టు తల లోపలికి వచ్చి, తడి ఆకులు మిషను మీద పరుచుకుని ఉన్నాయి. మొదలు బయట సందులో ఉంది.

"ముందు దీన్ని బయటికి లాగితే గానీ మట్టి తియ్యలేం," అన్నాడు మేస్త్రి. భార్యను లోపలే ఉండమని, చుట్టూ తిరిగి సందులోకి దిగాడు. మోకాళ్ళదాకా కూరుకుపోతూ చెట్టు మొదలు దగ్గరికి వెళ్ళాడు.

వాన ఆ మొదలును చాలావరకు కడిగింది, పలచటి మట్టి పొర మాత్రం మిగిలింది. వేళ్ళ ముద్ద గుండ్రంగా, నున్నగా, బోర్లించిన బిందెలా ఉంది. ఒక్క వేరైనా బయటికి చాచుకుని లేదు. అతనికి అర్థం కాలేదు. పారతో మట్టి తోస్తూ దగ్గరికి వంగాడు.

అక్క గోడ పట్టుకుని నెమ్మదిగా సందులోకి వచ్చింది.

"ఎందుకొచ్చావక్కా, జారుతుంది."

ఆమె వినలేదు. అతని పక్కన నిలబడి, ఎడమ చేత్తో వేళ్ళ ముద్ద మీది తడి మట్టిని తుడిచింది. కింద నల్లగా తళుక్కుమంది. మళ్ళీ తుడిచింది. పాత ప్లాస్టిక్, అక్కడక్కడా చిరిగి, వేళ్ళకు బిగుసుకుపోయి ఉంది. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నలిపి చూసింది, దుకాణంలో గుడ్డ నాణ్యం చూసినట్టు.

"నాకు కూడానారా?" అంది.

"లేదక్కా!" మేస్త్రి గొంతు అరుపులా వచ్చింది. "కోశానక్కా. నా చేత్తో కోశాను. ఐదూ కోశాను. అందుకే వాణ్ణి ఎత్తనివ్వలేదు, అందుకే పని పోయింది..."

కిటికీలోంచి భార్య తల పైకెత్తి చూసింది. చేతిలో తట్ట అలాగే ఉండిపోయింది.

"ఎత్తనివ్వలేదు, నిజమే," అంది అక్క. "నా కళ్ళెదుట ఉంచావు. నాటానని చెప్పి ఉంచావు. మరి ఇదేంటి?"

మేస్త్రి ఆమె చేతిలో ఉన్నదాన్ని చూశాడు. అంచు దగ్గర సంచి ఒకచోట చిరిగి, ఇనుప తీగతో కుట్టి, మెలిపెట్టి, కొనను లోపలికి మడిచి ఉంది. తీగ కొన ఎవరి కాలికీ గుచ్చుకోకుండా అలా లోపలికి మడవడం ముఠాలో అతనొక్కడికే అలవాటు. ఏ బ్యాంకు దగ్గరో, ఏ ఆసుపత్రి దగ్గరో, ఎన్నేళ్ళ కిందటో. అతను కోసింది దానిమీది సంచిని. రాలింది రెండింటి మధ్య తన చేత్తోనే కూరిన మట్టి. చెట్లలో పాతవాటిని, మంచివాటిని ఏరి మరీ అక్కకు పెట్టాడు. పాతవి కాబట్టే వాటికి రెండు సంచులున్నాయి.

"రెండో చొక్కా అక్కా," అన్నాడు. "పైది తీశాను. లోపల ఇంకోటి ఉందని గుర్తు లేదు. దేవుడి తోడు, గుర్తు లేదు."

అక్క చాలాసేపు అతని ముఖంలోకి చూసింది. నమ్మాలనే చూసింది, అది ఆమె కళ్ళలో కనపడింది.

"లోపలిది ఎవరు తొడిగారు?"

అబద్ధం చెప్పడం ఇప్పుడు కష్టమేం కాదు. ముఠాలో చేతులు చాలా ఉన్నాయి.

"నేనే," అన్నాడు మేస్త్రి.

అక్క తల ఊపింది. లోపల బట్టలు తియ్యాలని, తడిస్తే నీలం దిగిపోతుందని భార్యతో చెప్పింది. తర్వాత చెట్టును దాటడానికి అడుగెత్తి, ఆసరాకు తమ్ముడి భుజం మీద చేయి వేయబోయి, ఆగింది. చేయి వెనక్కి తీసుకుని, గోడ పట్టుకుని దాటింది.